ముందు గోడలో సాకెట్ చూడండి, గ్రాఫిక్స్ కార్డు సంగతి తర్వాత

మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో గేమింగ్ పీసీ మాటొచ్చినా చివరికి ఆ లిస్టు నా వాట్సాప్‌కి చేరుతుంది. "అన్నా, ఒకసారి చూడు, అరవై వేలు బడ్జెట్" అంటారు. దాదాపు అన్ని లిస్టులూ ఒకేలా ఉంటాయి. పైన గ్రాఫిక్స్ కార్డు, దాని కింద ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్, అందులో రంగులు మారే ఫ్యాన్లు, అన్నిటికన్నా అడుగున మిగిలిన పదిహేను వందల్లో వచ్చే ఏదో ఒక ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని పీసీకి కావాల్సిన తక్కువ వోల్టేజీలోకి మార్చే డబ్బా). మానిటర్ ఉండదు. కరెంటు పోయాక పీసీని కాసేపు నడిపే యూపీఎస్ అసలే ఉండదు. అదేందిరా అంటే "అవి బడ్జెట్‌లో రావన్నా, నాన్న వేరే ఇస్తాడు" అంటారు. ఆ నాన్నకి ఈ ముక్క చెప్పారో లేదో నాకు అనుమానమే.

నెల్లూరులోనో, ఒంగోలులోనో, కావలిలోనో ఉండి తక్కువ డబ్బుతో గేమింగ్ పీసీ చేయించుకునేవాళ్లు ఈ లిస్టుని తిరగేసి రాయాలని నా వాదన. ముందు గోడలో సాకెట్, తర్వాత ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, మానిటర్. ఇవన్నీ పోగా మిగిలిన డబ్బుకి ఎంత గ్రాఫిక్స్ కార్డు వస్తే అంత. ఏమీ మిగలకపోతే కార్డే వద్దు, తర్వాత కొనుక్కోవచ్చు. ఇది యూట్యూబ్‌లో చెప్పేదానికి పూర్తిగా రివర్సని నాకు తెలుసు. గేమ్‌లో ఫ్రేములు (సెకనుకి తెర మీద పడే బొమ్మలు) పెంచేది గ్రాఫిక్స్ కార్డేననీ, ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టిన డబ్బు ఒక్క ఫ్రేము కూడా పెంచదనీ వాళ్లు చెప్పేది కూడా నిజమే. కాకపోతే ఆ వీడియోలు ఏసీ గదుల్లో, కరెంటు పోని చోట, వైరింగ్ సరిగ్గా ఉన్న ఇళ్లలో తీసినవి. మనకు ఆ మూడింట్లో ఒకటుంటే రెండోది ఉండదు.

సాకెట్ సంగతి ఎందుకంత పట్టుకున్నానో చెప్తా. చీమకుర్తిలో మా పిన్ని కొడుక్కి కొత్త పీసీ వచ్చింది. క్యాబినెట్ మూలని వేలితో తాకితే జివ్వుమంటోంది. చెప్పులేసుకుంటే తెలియదు, ఒట్టికాళ్లతో నాపరాళ్ల మీద నిలబడితే మటుకు బాగా తెలుస్తుంది. మా పిన్ని "చెప్పులేసుకుని ఆడుకోరా అబ్బయా" అని తేల్చేసింది. అమ్మిన షాపువాళ్లు ఎస్‌ఎంపీఎస్ పోయింది, మార్చాలన్నారు. నేను వెళ్లి టెస్టర్ పెడితే క్యాబినెట్ స్క్రూ మీద లైటు వెలుగుతోంది. గోడకున్న ప్లేటు విప్పి చూస్తే, మూడు రంధ్రాల సాకెట్‌లో పై రంధ్రం వెనక అసలు వైరే లేదు. సాకెట్ మూడు పిన్నులదే. ఎర్త్ మాత్రం ఉత్తుత్తిది.

మంచి ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు లోపలికొచ్చే చోట, కరెంటు లైన్‌లోని అల్లరిని వడకట్టడానికి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు పెట్టి వాటి రెండో కొసని క్యాబినెట్ రేకుకి కలుపుతారు. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పోయే దారి లేక రేకు మీదే, 230 వోల్టుల్లో దాదాపు సగం దగ్గర ఉండిపోతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అదే క్యాబినెట్‌కి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, ఇంకో ప్లగ్గులో ఉన్న టీవీకి గుచ్చితే ఆ వోల్టేజీ వైరు గుండా పోతుంది, పోర్టు కాలిపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా ఇది పోదు. మార్చాల్సింది సాకెట్‌కి వచ్చే వైరు. ఎలక్ట్రీషియన్ కూలీ, ఎర్త్ వైరు కలిపినా ఒక రంగులు మారే ఫ్యాన్ల సెట్టుకంటే ఎక్కువ అవదు. ఇంటికి ఎర్త్ గుంత ఉన్నా రోహిణి కార్తెలో అది ఎండిపోతే ఉన్నట్టు కాదు. పాతకాలం వాళ్లు అందులో బిందెడు నీళ్లు పోసేవాళ్లు కదా, దానికి కారణం ఇదే. ఇప్పటికీ పోయొచ్చు.

సాకెట్ అయ్యాక ఎస్‌ఎంపీఎస్. షాపులో దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కనున్న స్టిక్కర్ చదవండి. "450 వాట్స్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలేయండి. కింద చిన్న గళ్ల పట్టిక ఉంటుంది, అందులో +12వీ అన్న గడి చూడండి. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల లైన్ నుంచే. అక్కడ 16ఏ అని ఉంటే 16ని 12తో గుణించండి, 192 వాట్లు. 450 అని రాసిన డబ్బాలో పనికొచ్చేది అంతే. మంచి 550 వాట్ల దాని మీద అదే గడిలో 45ఏ దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. ఈ ఒక్క గుణకారం చేస్తే క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్ ఎందుకు ఊరికే వస్తోందో అర్థమైపోతుంది.

అదే స్టిక్కర్ మీద ఏసీ ఇన్‌పుట్ అని ఇంకో గీత ఉంటుంది. కొన్నిటి మీద 200-240వీ అని, కొన్నిటి మీద 100-240వీ అని ఉంటుంది. పల్లెల్లో, ముఖ్యంగా రొయ్యల చెరువుల మోటార్లు, బోర్లు ఒకేసారి ఆడే చోట సాయంత్రం పూట వోల్టేజీ ఎంతకు పడిపోతుందో ఫ్యాన్ చూస్తేనే తెలుస్తుంది. రెండో రకం 170 వోల్టుల్లో కూడా కిమ్మనకుండా పనిచేస్తుంది. మొదటిది రీస్టార్ట్ కొడుతుంది. అప్పుడు మనవాళ్లు విండోస్ ఫార్మాట్ చేయిస్తారు, ర్యామ్ పీకి తుడిచి పెడతారు, వైరస్ అంటారు. 80 ప్లస్ బ్రాంజ్ అన్న గుర్తుంటే చాలనుకోవద్దు, అది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తుందో చెప్పే గుర్తు. సగం లోడ్ దగ్గర 85 శాతం ఆ పైన ఉంటే బ్రాంజ్ ఇస్తారు. షార్ట్ అయితే ఆగుతుందా, వోల్టేజీ ఎగిరితే తట్టుకుంటుందా అన్నది ఆ గుర్తులో లేదు. కాబట్టి గుర్తుతో పాటు వారంటీ ఎన్నేళ్లో చూడండి, ఐదేళ్లిచ్చే కంపెనీకి తన సరుకు మీద కాస్తయినా నమ్మకం ఉన్నట్టు. నాలుగు నుంచి ఐదు వేలల్లో ఇలాంటి 550 వాట్లది దొరుకుతుంది.

"చౌకది పెట్టుకుని తర్వాత మార్చుకోవచ్చు కదన్నా" అని ప్రతివాడూ అడుగుతాడు. గ్రాఫిక్స్ కార్డు మార్చడమంటే రెండు స్క్రూలు, ఒక కేబుల్, పది నిమిషాల పని. పాతది అమ్ముకోవచ్చు కూడా. ఎస్‌ఎంపీఎస్ మార్చాలంటే మదర్‌బోర్డు కేబుల్, ప్రాసెసర్ కేబుల్, కార్డుది, డిస్కులవి అన్నీ పీకి, వెనకనుంచి మళ్లీ తోసుకుంటూ రావాలి. పాత చౌక ఎస్‌ఎంపీఎస్‌ని ఎవడూ కొనడు. అన్నిటికన్నా ముఖ్యం, చౌకది పోయేటప్పుడు ఒక్కటే పోతుందన్న గ్యారంటీ లేదు. మదర్‌బోర్డుని, కొన్నిసార్లు కార్డుని కూడా తీసుకుపోతుంది. గ్రాఫిక్స్ కార్డు పోతే మటుకు మామూలుగా అదొక్కటే పోతుంది.

ఇక కరెంటు పోవడం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి సంగతి మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. తుపాను లేకపోయినా పోతుంది. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంది కాబట్టి యూపీఎస్ ఎందుకంటారు. ఇన్వర్టర్ వెనక్కి వెళ్లి చూడండి, చాలావాటికి చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అని, ఇంకోవైపు ఎకో అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోయాక బ్యాటరీ మీదకి మారడానికి ఎక్కువ టైం తీసుకుంటుంది, ఫ్యానుకీ లైటుకీ అది లెక్క కాదు. పీసీకి లెక్కే. మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా గోడ నుంచి కరెంటు ఆగాక లోపలి కెపాసిటర్‌లో దాచుకున్నదాంతో నిండు లోడ్ మీద నడిపేది 16, 17 మిల్లీ సెకన్లే, చౌకది అంత కూడా నిలవదు. స్విచ్‌ని యూపీఎస్ వైపు పెడితే ఆ లోపే మారుతుంది. కాని అప్పుడు ఇన్వర్టర్ వోల్టేజీ మరీ తగ్గినా బ్యాటరీ మీదకి దూకేస్తుంది, లో-వోల్టేజీ ఊళ్లలో బ్యాటరీ ఊరికే అరుగుతుంది. అందుకని ఇంటికి ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంటులాగే నున్నటి అలలా ఇచ్చే) ఇన్వర్టర్ ఉండి వోల్టేజీ బాగుంటే యూపీఎస్ డబ్బు మిగుల్చుకోండి. లేకపోతే యూపీఎస్ కొనండి, అది కూడా 600 వీఏది కాదు. 600 వీఏ అంటే చేతికొచ్చేది 360 వాట్లే. ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు 132 వాట్ల కార్డు, 70, 80 తినే ప్రాసెసర్, మానిటర్, మిగతావి, పైన ఎస్‌ఎంపీఎస్ వృథా చేసేది అన్నీ కలిసి 300 దాటేస్తాయి. ఏడాది పాతబడిన బ్యాటరీ అప్పుడు కుయ్యిమని ఆగిపోతుంది. 1000 వీఏ పైన తీసుకోండి. అదీ ఆడుకోవడానికి కాదు, ఆపుకోవడానికి.

క్యాబినెట్ గురించి ఎక్కువ చెప్పను. ముందువైపు జాలీ ఉండాలి, అద్దం కాదు. కూలర్ ఏదైనా గదిలో ఉన్న గాలితోనే చల్లబరచాలి. బెంగళూరులో 25 డిగ్రీల గదిలో 70 చూపించిన కార్డు మన మే నెల గదిలో, 38 డిగ్రీల్లో, 83కి అటూ ఇటూ ఉంటుంది, అందులో కార్డు తప్పేం లేదు. అద్దం పెట్టి ఆ గాలి కూడా రానివ్వకపోతే తప్పు మనదే. జాలీ వెనక దుమ్ము తెర ఊడొచ్చే రకమైతే మేలు. చీమకుర్తిలో గ్రానైట్ పొడి ఎలా ఉంటుందంటే మావాడు తెర కడిగిన నీళ్లు సిమెంటు కలిపిన నీళ్లలా బూడిదరంగులో దిగాయి.

మానిటర్‌ని ముందే తేల్చుకోమనడానికి కారణం, ఎంత కార్డు కావాలో చెప్పేది అదే. 1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి, 1440పీ మీద 36.9 లక్షలు. ప్రతి ఫ్రేములోనూ అన్నీ గీయాల్సింది కార్డే. అరవై వేలల్లో 1440పీ జోలికి పోవద్దు. 24 అంగుళాల 1080పీ, 100 హెర్ట్జ్ (సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) పైన, చాలు. తెచ్చాక కేబుల్‌ని మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకి పెట్టండి, విండోస్ సెట్టింగుల్లో 60 నుంచి పైకి మార్చండి. నవ్వకండి, 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఏడాదిగా 60లో ఆడుతున్నవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు. ముందు ఒక ప్రశ్న: ఏం ఆడతావు? నన్నడిగే పిల్లల్లో సగం మంది ఆడేది వాలరెంట్. దానికి కార్డే అక్కర్లేదు. రైజెన్ 5 5600జీ లేదా 5600జీటీలో లోపలే ఉన్న గ్రాఫిక్స్‌తో, రెండు ర్యామ్ ముక్కలు పెడితే, సెట్టింగులు తగ్గించి 1080పీలో 60 ఫ్రేములు దాటి ఆడుకోవచ్చు. మా పిన్ని కొడుక్కి అదే చేశాను. మంచి ఎస్‌ఎంపీఎస్, మంచి మానిటర్, 5600జీ, కార్డు సున్నా. వారం రోజులు మొహం మాడ్చుకున్నాడు. జీ ఉన్న దాంట్లో క్యాష్ మెమొరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమొరీ) 16 ఎంబీ, జీ లేని 5600లో 32. పైగా జీ ఉన్నది పీసీఐఈ (కార్డునీ ప్రాసెసర్‌నీ కలిపే దారి) 3.0 అనే పాత తరం దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి మొదటి రోజే కార్డు కొనే డబ్బుంటే జీ లేనిదే సరైనది. లేని డబ్బు గురించి లెక్కలేసుకోవడం వేరు.

కార్డు కొనేటప్పుడు "ఎన్ని జీబీ" అని అడగడం మానేయాలి. మన షాపుల్లో "4 జీబీ గ్రాఫిక్స్" అని పెట్టే జీటీ 730, 2014 నాటి కార్డు, మెమొరీ కూడా పాత డీడీఆర్3. పైన చెప్పిన 5600జీ లోపలి గ్రాఫిక్స్ దానికన్నా మేలు. ఆర్‌టీఎక్స్ 3050 అన్న పేరుతో 2022లో 8 జీబీది వచ్చింది, 2024లో 6 జీబీది. జీబీ ఒక్కటే తేడా అనుకుంటారు, లోపల కోర్లు కూడా తగ్గించారు, మెమొరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96కి కుదించారు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐఈ లైన్లతోనే పనిచేస్తుంది, దాన్ని తెచ్చి 3.0 దగ్గర ఆగే 5600జీ పక్కన పెడితే ఉన్న స్పీడు కూడా పోతుంది. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించే ఆర్‌ఎక్స్ 580 పక్కన 2048ఎస్‌పీ అన్న అక్షరాలున్నాయేమో చూడండి, ఉంటే అది 580 పేరు పెట్టుకున్న 570. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి క్రిప్టో నాణేలు సంపాదించడం) ఆగాక రాత్రీపగలూ తోమించిన కార్డులు కుప్పలుగా సెకండ్‌హ్యాండ్‌కి వచ్చాయి. అవన్నీ పాడైనవని కాదు, వారంటీ లేకుండా కొత్తదాని ధరలో సగం పెట్టేంతటివి కావు. రే ట్రేసింగ్ (ఆటలో వెలుగునీడల్ని లెక్కగట్టి గీయడం) హార్డ్‌వేర్ లేని జీటీఎక్స్ 1660 సూపర్ లాంటివి కొన్ని కొత్త గేములను అసలు తెరవనే తెరవవు. అరవై వేల బడ్జెట్‌లో కార్డుకి డబ్బు మిగిలితే నా ఓటు ఆర్‌ఎక్స్ 6600కి. 8 జీబీ, 132 వాట్లు, ఒకే కేబుల్, 1080పీకి సరిపడా సత్తా. 2021 నాటిదంటారు. ఉండనీండి.

ప్రాసెసర్‌లో పెద్ద మోసం "ఐ7". ఇరవై వేలకి ఐ7 గేమింగ్ పీసీ అని మెరిసే లైట్లతో అమ్మే డబ్బాలో ఉండేది 2013 నాటి ఐ7 4770, లేదా అంతకంటే పాతది. నాలుగు కోర్లు, డీడీఆర్3 ర్యామ్. దానికన్నా 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ ఎంతో వేగం, అది కూడా నాలుగు కోర్లదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ పాత ఐ7లకి విండోస్ 11 అధికారికంగా లేదు. దొడ్డిదారిన ఎక్కించినా విండోస్ 11లో వాలరెంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ కావాలి. కాబట్టి పిల్లోడు ఏ ఆట కోసం కొనిపించుకున్నాడో అదే తెరుచుకోదు. నాన్నకేమో ఐ7 అని చెప్పి ఒప్పించి ఉంటాడు.

ర్యామ్ విషయంలో పాత వీడియో చూసి లెక్క వేయకండి. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ అంతా ఊడ్చుకుపోతుండటంతో 2025 చివర్లో ధరలు ఒక్కసారిగా ఎగిరాయి. మెమొరీ చిప్పులు చేసే మైక్రాన్ అయితే ఆ డిసెంబరులో, క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి అమ్మే వ్యాపారమే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. రైజెన్ ప్రాసెసర్లకి కొత్త తరం ఏఎం5 బోర్డు తీసుకుంటే డీడీఆర్5 ర్యామ్ తప్ప ఇంకోటి పట్టదు కాబట్టి చిన్న బడ్జెట్‌కి పాత తరం ఏఎం4, డీడీఆర్4 దగ్గర ఆగడమే తెలివి. 32 జీబీ వద్దు, 16 చాలు, అది ఒకే ముక్కగా కాకుండా ఎనిమిదివి రెండుగా తీసుకోండి. బయోస్‌లోకి (పీసీ ఆన్ కాగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, లేకపోతే 3200 స్పీడుకి డబ్బు కట్టి 2400లో నడుపుతారు.

ఎక్కడ కొనాలన్నది నెల్లూరులో పెద్ద చర్చ, ఎందుకంటే ఎలక్ట్రానిక్స్ షాపులుండే చెన్నై రిచీ స్ట్రీట్ మనకి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. ఒంగోలువాళ్లయితే విజయవాడ అనో, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ అనో అంటారు. రిచీ స్ట్రీట్‌లో బేరం బాగా కుదురుతుంది, నేను కాదనను. కాని యూపీఎస్‌నీ ఎస్‌ఎంపీఎస్‌నీ మాత్రం ఊళ్లోనే కొనండి. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకి ఎలాగూ పోతుంది, ఎస్‌ఎంపీఎస్ పోతే పీసీ మొత్తం ఆగుతుంది, ఆ రెంటి కోసం చెన్నై రైలెక్కడం దండగ. కార్డు, ప్రాసెసర్ యాడ కొన్నా ఫర్వాలేదు, బిల్లుంటే. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా తమ్ముడూ" అన్న మాట ఎక్కడైనా వినపడుతుంది, 18 శాతం జీఎస్టీ కదా, మనసు లాగుతుంది. వారంటీకి వెళ్లినప్పుడు వాళ్లు అడిగేది మొదట ఆ కాగితమే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, కార్డు డబ్బా మీదున్నదీ కార్డు వెనక స్టిక్కర్ మీదున్నదీ ఒకటేనా అని అక్కడే, కౌంటర్ ముందే చూసుకోండి. థర్మల్ పేపర్ బిల్లయితే ఆ రోజే ఫొటో తీసి మెయిల్లో పెట్టుకోండి, మూడేళ్ల వారంటీ ముగియకముందే దాని మీద అక్షరాలు వెలిసిపోతాయి.